చేతికి బలాన్ని అరువిచ్చే యంత్రం

1920లలో అమెరికాలో లారీ తోలాలంటే ముందు కావలసింది భుజబలం. లారీలు ఏటికేడు బరువెక్కుతున్నాయి, స్టీరింగ్ మాత్రం మనిషి రెండు చేతుల మీదే నడుస్తోంది. చక్రం గోతిలో పడితే ఆ దెబ్బ స్టీరింగ్ గుండా డ్రైవర్ మణికట్టుకు తగిలేది. పియర్స్-యారో కంపెనీలో లారీల విభాగం ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ ఈ అవస్థను దగ్గర నుంచి చూశాడు. ఉద్యోగం వదిలేసి మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్‌లో సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు.

ఆయిల్ ఒత్తిడితో బరువైన పనులు చేయించవచ్చని అప్పటికే అందరికీ తెలుసు. అయితే ఆనాటి హైడ్రాలిక్ యంత్రాల్లో వాల్వు మూసి, ఆయిల్‌ను ఎప్పుడూ ఎక్కువ ఒత్తిడిలో నిల్వ ఉంచేవారు. కారులో అలా చేస్తే ఎక్కడో ఒకచోట సీలు కారక మానదు. డేవిస్ ఆ పద్ధతిని తలకిందులు చేశాడు, వాల్వును తెరిచే ఉంచాడు. స్టీరింగ్ తిప్పనంతసేపూ ఆయిల్ పంపులోంచి బయల్దేరి, అడ్డేమీ లేకుండా చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేస్తుంది. ఒత్తిడి నామమాత్రం. తిప్పగానే వాల్వులో దారి ఇరుకవుతుంది, ఒత్తిడి లేస్తుంది, పిస్టన్ చక్రాలను నెడుతుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. 1926లో పియర్స్-యారో కారుకు దీన్ని బిగించి నడిపి చూపించాడు.

జనరల్ మోటార్స్ ఆసక్తి చూపింది, ఆయనతో కలిసి కొన్నేళ్లు పనిచేసింది. తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. ఖర్చు ఎక్కువని పథకాన్ని పక్కన పెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యపు బరువైన కవచ వాహనాలకు ఈ పరికరం అక్కరకొచ్చింది. మామూలు కారు కొనుక్కునేవాడికి మాత్రం 1951 దాకా అందలేదు. ఆ ఏడు క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగ్ పెట్టింది. అందుకు ఆధారం గడువు తీరిపోయిన డేవిస్ పేటెంట్లే. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ కూడా తన కార్లలో తెచ్చింది. చేసి చూపించాక పాతికేళ్లు ఆగాల్సి వచ్చిందన్నమాట. మన దగ్గర ఆ ఆలస్యం ఇంకా ఎక్కువ. నిలిచి ఉన్న అంబాసిడర్‌ను ఇరుకు సందులో తిప్పి పార్కు చేసిన వాళ్లకు ఆ బరువేమిటో నేను చెప్పనక్కర్లేదు.

ఆయిల్ స్టీరింగ్ ఉన్న కారులో స్టీరింగ్ రాడ్డు చివర, చక్రాలను తిప్పే ర్యాక్‌కు చేరేచోట, పెన్సిలంత లావున చిన్న ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. చక్రాలు మొరాయించిన కొద్దీ ఆ కడ్డీ కొద్దిగా మెలితిరుగుతుంది. ఎంత మెలిక పడితే వాల్వు అంత మూసుకుంటుంది, సాయం అంత పెరుగుతుంది. హైవే మీద మెలిక తక్కువ, కాబట్టి సాయమూ తక్కువే. ఇది అరువు బలం. ఇంజన్ ఆగిపోయినా, ఆయిల్ మొత్తం కారిపోయినా చేతికీ చక్రానికీ మధ్య ఇనుప బంధం తెగదు. స్టీరింగ్ తిరుగుతుంది, కాకపోతే బరువుగా.

అందుకే స్టీరింగ్ బిగుసుకుందని అనిపించినప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: సాయం అందడం లేదా, లేక చక్రాలే తిరగనంటున్నాయా? టైర్లలో గాలి చూడండి. గాలి తగ్గిన ముందు టైరు నేలకు అతుక్కుపోతుంది, పంపు ఎంత బాగున్నా బరువు తెలుస్తుంది. గాలి సరిగానే ఉంటే, చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపాలి. ఇంజన్ ఆపి, స్టీరింగ్ లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచి, అటూ ఇటూ తిప్పాలి. చక్రాలు గాల్లో ఉన్నా ఎక్కడో పట్టేస్తుంటే తప్పు పంపుది కాదు. పెడళ్ల దగ్గర స్టీరింగ్ రాడ్డుకు ఉండే జాయింటు తుప్పు పట్టి ఉండవచ్చు, షాకబ్జార్బర్ పైనుండే బేరింగ్ అరిగి ఉండవచ్చు, బాల్ జాయింటులో గ్రీజు ఎండిపోయి ఉండవచ్చు. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాకపోవడం కూడా ఈ కోవలోని లక్షణమే.

గాల్లో తేలిగ్గా తిరిగి, నేల మీద బరువైతే సాయం అందడం లేదని అర్థం. బొలెరో లాంటి ఆయిల్ స్టీరింగ్ బండి అయితే ట్యాంకు మూత తీసి చూడండి. ఆయిల్ తగ్గితే ఎక్కడో లీకు ఉంది, నింపి వదిలేస్తే చాలదు. నురగ కనిపిస్తే పైపుల్లో గాలి చేరింది. నిలిచి ఉన్నప్పుడు బరువుగా ఉండి, యాక్సిలరేటర్ నొక్కగానే తేలికైతే పంపును తిప్పే బెల్టు వదులైందో పంపు అరిగిందో. ఒకవైపు మాత్రమే బరువైతే అప్పుడు వాల్వునో ర్యాక్‌నో అనుమానించాలి.

ఇప్పటి చిన్న కార్లలో ఆయిలూ లేదు, పంపూ లేదు. 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో కారుతో మోటారు స్టీరింగ్ వచ్చింది. డేవిస్ పంపు పోయింది గానీ మెలితిరిగే కడ్డీ మిగిలింది. దాని మెలికను సెన్సర్ కొలుస్తుంది, దాన్నిబట్టి మోటారు బలం ఇస్తుంది. పార్కింగ్‌లో ఆ మోటారు బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగుతుంది. బ్యాటరీ నీరసించినా, టెర్మినల్ వదులైనా, ఆల్టర్నేటర్ సరిగా ఛార్జ్ చేయకపోయినా స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతుంది. మోటారు ఖరీదు విని కంగారు పడేముందు బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజు చూపించండి. స్టీరింగ్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించి, ఏ లోపం నమోదైందో అడిగి తెలుసుకోండి.

ఆయిల్ బండిలో యజమాని పుస్తకంలో రాసిన ఆయిలే పోయించండి. స్టీరింగ్‌ను చివరంటా తిప్పి అలాగే పట్టుకుని ఉండకండి, ఒత్తిడీ వేడీ పంపును తినేస్తాయి. స్టీరింగ్ మధ్యలో పట్టేసి వదులుతుంటే మాత్రం ఆ బండిని రోడ్డెక్కించవద్దు. ర్యాక్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటే, ముందు చక్రాలు గాల్లోకి లేపి, ఎక్కడ పట్టేస్తోందో మీ చేత్తోనే తిప్పించి చూపమని అడగండి.