గొట్టం కాజా నుంచి ఉప్పాడ చీర దాకా: ఆన్‌లైన్ అంగడిలో సరుకుల వర్గీకరణ

కాకినాడ మిఠాయి దుకాణంలో "అర కిలో గొట్టం కాజా" అని అడిగిన కొనుగోలుదారు ఆ నాలుగు మాటల్లోనే సరుకు పేరు, రకం, పరిమాణం మూడూ చెప్పేస్తాడు. ఆ సరుకునే ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు మాట విని పోల్చుకునే మనిషి ఎదుట ఉండడు కనుక, ఆ మూడు సంగతులనూ ముందుగానే విడదీసి వేర్వేరు గళ్ళలో రాసి ఉంచవలసి వస్తుంది. ఈ గళ్ళ అమరికనే క్యాటలాగ్ నిర్మాణం అంటారు. అది సరిగా ఉంటే కొనుగోలుదారుకు కావలసిన వస్తువు క్షణాల్లో దొరుకుతుంది. లేకపోతే సరుకు గోదాములో ఉండి కూడా తెరమీద కనిపించదు.

ఈ నిర్మాణంలో ప్రధానమైన పదాలు మూడు. కొనుగోలుదారు మనసులో ఒకే వస్తువుగా నిలిచేది ఉత్పత్తి. ఆ ఉత్పత్తిలో కొనేముందు తప్పనిసరిగా ఎంచుకోవలసిన తేడాను బట్టి ఏర్పడే ప్రతి రూపమూ వేరియంట్. ప్రతి వేరియంటుకూ సొంత ధర, సొంత నిల్వ లెక్క ఉంటాయి కాబట్టి దానికి ఎస్‌కేయూ అనే ప్రత్యేక సంకేతం ఇస్తారు. వస్తువును వర్ణించే ప్రతి గుణాన్నీ యాట్రిబ్యూట్, అంటే లక్షణం అంటారు. పరిమాణం, రంగు వంటి కొన్ని లక్షణాలు వేరియంట్లను పుట్టిస్తాయి. తయారీ పదార్థాలు, నిల్వ ఉండే రోజులు వంటివి వర్ణనకూ వెతుకులాటకూ మాత్రమే ఉపయోగపడతాయి.

కాజాల విషయంలో ఈ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. పావు కిలో, అర కిలో, కిలో పెట్టెలు ఒకే గొట్టం కాజాకు మూడు వేరియంట్లు. తాపేశ్వరం పేరు చెప్పగానే గుర్తొచ్చే మడత కాజాను మాత్రం నాలుగో వేరియంటుగా చేర్చకూడదు. మైదా, పంచదార పాకం రెండింటిలోనూ ఉన్నా, పొరలుగా మడిచిన కాజాను కోరినవారు లోపల పాకం నిండిన గొట్టం కాజాతో సరిపెట్టుకోరు కనుక అవి రెండు ఉత్పత్తులు. నూనెలో వేయించినది, నేతిలో వేయించినది అనే తేడా వేరియంటుకూ వేరే ఉత్పత్తికీ నడిమి స్థితి: కొనుగోలుదారు ఎంచుకునేదే కాబట్టి దానిని వేరియంటుగా ఉంచవచ్చు గాని, పదార్థాల జాబితా మారుతుంది కనుక ఆ వివరాన్ని ఉత్పత్తి స్థాయిలో కాక వేరియంటు స్థాయిలో రాయాలి. ఉమ్మడి సంగతిని ఒక్కచోట పైన రాయడం, మారే సంగతిని ఆయా వేరియంటు కింద రాయడం ఈ శాస్త్రంలో మొదటి సూత్రం.

లక్షణానికి విలువ రాసే తీరు కూడా అంతే ముఖ్యం. ఒక పెట్టెకు "500 గ్రా.", మరొక పెట్టెకు "అర కిలో", ఇంకొకదానికి "0.5 కేజీ" అని రాస్తే, మనిషికి ఒకటిగా తోచే ఆ బరువు యంత్రానికి మూడు విలువలవుతుంది, ఒకదానిని ఎంచుకున్నవారికి మిగిలిన రెండు పెట్టెలు కనిపించవు. అందువల్ల సంఖ్యను ఒక గడిలో, కొలమానాన్ని మరొక గడిలో రాసి, అనుమతించే విలువల పట్టికను ముందే స్థిరపరచాలి.

వేరియంట్ల సంఖ్య కూడికతో కాక గుణకారంతో పెరుగుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులనే తీసుకుంటే, పంచదార, బెల్లం, డ్రైఫ్రూట్ అనే మూడు రకాలు, మూడు పరిమాణాల పెట్టెలు కలిస్తే తొమ్మిది వేరియంట్లు. మామూలు పెట్టె, కానుక పెట్టె అనే తేడా కూడా చేరితే పద్దెనిమిది. వీటిలో నిజంగా తయారయ్యేవాటిని మాత్రమే నమోదు చేయాలి. లేకపోతే తెరమీద సగం ఎంపికలు "నిల్వ లేదు" అని చెబుతూ కొనుగోలుదారును విసిగిస్తాయి.

ఈ నమూనాకు అసలు పరీక్ష చేనేత దగ్గర ఎదురవుతుంది. కాకినాడకు ఈశాన్యంగా సముద్రతీరాన ఉన్న ఉప్పాడలో నేసే జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. పడుగు పేకల మధ్య ప్రతి బుటా దగ్గరా అదనపు పోగును చేత్తో చొప్పించి నేసే ఈ చీరలు, బుటాల దట్టతనాన్ని బట్టి రోజుల నుంచి నెలల దాకా మగ్గం మీద ఉంటాయి. ఒక చీర వంటిదే మరొకటి దొరకడం అరుదు. అటువంటి చీరను మిల్లు చొక్కాలాగా రంగులు, సైజుల పట్టికలో ఇరికించడం తప్పు. నిల్వ ఒకటిగా గల స్వతంత్ర ఉత్పత్తిగా ప్రతి చీరనూ నమోదు చేసి, దాని స్వరూపాన్ని లక్షణాలతో చెప్పాలి.

ఆ లక్షణాలలో రంగు ఒక్కటే ఎంత లోతైనదో గమనించవలసి ఉంది. ఒంటి రంగు, అంచు రంగు, కొంగు రంగు వేర్వేరుగా ఉండే చీరకు ఒకే రంగు గడి చాలదు. పైగా నెమలికంఠం, వంగపండు, చిలకపచ్చ అని నేతవారు పిలిచే పేరు ఒక గడిలో, నీలం, ఊదా, ఆకుపచ్చ అనే రంగుల కుటుంబం మరొక గడిలో ఉంటే, ఆ పేర్లు తెలిసినవారికీ తెలియనివారికీ అదే చీర దొరుకుతుంది. అలాగే నేత విధానాన్నీ డిజైనునూ ఒకే గడిలో కలపకూడదు. "జాందానీ" అన్న మాట డిజైను గడిలో చేరితే, ఆ బుటాలను అచ్చు వేసిన చౌక చీర కూడా అసలు నేత పక్కనే నిలబడి, నేతన్న నెలల శ్రమకు విలువ లేకుండా చేస్తుంది.

ఒక వస్తువును ఒకే అరలో బంధించక అనేక కోణాల నుంచి గుర్తించాలన్న ఆలోచన కంప్యూటర్లకంటే పాతది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో ప్రచురించిన ద్విబిందు వర్గీకరణ, పుస్తక విషయాన్ని విడి ముఖాలుగా విభజించి తిరిగి కూర్చే పద్ధతిని గ్రంథాలయాలకు ఇచ్చింది. నేటి ఆన్‌లైన్ అంగడిలో ధర, రంగు, నేత అనే గళ్ళను టిక్కు పెట్టి సరుకును వడకట్టడం ఆ ఆలోచనకు దగ్గరి బంధువే.

గోదావరి సీమ సరుకును ఆన్‌లైన్‌కు తీసుకువెళ్ళదలచిన వ్యాపారులు, యువకులు ఫొటోలు తీయడానికి ముందే మిఠాయి వండేవారితోనూ మగ్గం ముందు కూర్చున్నవారితోనూ కూర్చుని, ఏది ఉత్పత్తి, ఏది వేరియంటు, ఏది లక్షణం అన్నది తేల్చుకోవాలి. సరుకు గుణం తెలిసినవారు నింపిన గళ్ళే కొనుగోలుదారుకు నిజం చెబుతాయి.