మీకు తెలుసా? చెయ్యి ఊపితే నడిచే వాచీ

బెళుగుప్ప మెట్టల మీద గాలిమరలను గాలి తిప్పుతుంది. ఆటోమేటిక్ వాచీకి ఆ గాలి మన చెయ్యే. లోపల అర్ధచంద్రాకారపు బరువొకటి ఊగుతూ స్ప్రింగుకు కీ ఇస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. పూర్తిగా కీ ఎక్కి ఉంటే, తీసి పక్కన పెట్టినా దాదాపు 40 గంటలు నడుస్తుంది.

జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్‌ఎంటీ, ‘కాంచన్’ లాంటి ఆటోమేటిక్‌లను మధ్యతరగతి చేతికి తెచ్చింది. ఆ వాచీల సంస్థ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది.

చవకైనదంటే తప్పు టైమేనా? కానే కాదు. చాలా చవక ఆటోమేటిక్‌లలో ఉండే మియోటా 8200 శ్రేణి యంత్రానికి తయారీదారు చెప్పే హద్దు: రోజుకు 20 సెకన్లు వెనక్కి, 40 సెకన్లు ముందుకు. రోజుకున్న 86,400 సెకన్లలో 40 తప్పినా అది 0.05 శాతం లోపే! ఖచ్చితత్వ పరీక్ష నెగ్గిన ఖరీదైన స్విస్ క్రోనోమీటర్‌కు హద్దు సగటున 4 సెకన్లు వెనక్కి, 6 ముందుకు.

వాచీ ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ పరుగెడితే అయస్కాంతం పట్టిందేమో వాచీ మెకానిక్‌కు చూపించండి. స్పీకర్ల పక్కన పెట్టకండి. ఇంట్లో తాతగారి వాచీ ఆగిపోయి ఉంటే పారేయకండి. శుభ్రం చేయించి నూనె వేయిస్తే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది.