ఇంటి దీపము – దాని వెల

సాయంకాలము పలాస బజారులో విద్యుత్ సామాను కొట్టు ముందు కొంతసేపు నిలిచినవారికి ఒక ప్రశ్న తఱచుగా వినవచ్చును. "తక్కువలో ఏది ఉన్నది?" అని కొనువాడు అడుగును. అమ్మువాడు ఒక బల్బును తీసి, హోల్డరులో పెట్టి వెలిగించి చూపును. బల్బు వెలిగినది, బేరము ముగిసినది. నేనును చిరకాలము ఇట్లే కొనుచుంటిని. దీపమునకు మనము రెండు చోట్ల వెల చెల్లింతుము. కొట్టులో ఇచ్చునది మొదటిది, మీటరు దగ్గర ఇచ్చునది రెండవది. రెండవదానిముందు మొదటిది స్వల్పమని నాకు మా మేనత్తగారి యింట తెలిసినది. ఆ లెక్కనే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిని.

మా అత్తగారిది ఉద్దానములో, కవిటి దరిని, కొబ్బరితోటల నడుమనున్న పల్లె. మామయ్యకు ఆ ప్రాంతమున పెక్కుమందిని పీడించు మూత్రపిండముల జబ్బు. వారమునకు రెండు మూడు పర్యాయములు డయాలసిస్‌కు పోవలెను. అట్టి యింటిలో ప్రతి రూపాయికిని లెక్క యుండును. 2022 వేసవిలో నేను పోయినప్పుడు అత్త కరెంటు బిల్లు నా చేతికిచ్చి, "మూడు బల్బులు, ఒక ఫ్యాను, ఒక టీవీ. ఇంత ఎలా వస్తాదిరా?" అని యడిగినది.

తలయెత్తి చూచితిని. మూడు గదులలోను పాతకాలపు 60 వాట్ల తీగె బల్బులు. మామయ్య పడుకొను గదిలో రాత్రియంతయు వెలుగు ఎఱ్ఱని జీరో బల్బు. "అత్తా, ముందు ఈ జీరో బల్బు సంగతి చూడాలి" అంటిని. "అదేటిరా, జీరో బల్బుకు కరెంటు కాలదంట కదా?" అని ఆమె యాశ్చర్యపడినది. ఈ నమ్మకము మనలో అనేకులకు కలదు. నిజమునకు ఆ తీగె బల్బు సుమారు 15 వాట్లు తినును. పేరులోనే సున్న గాని, మీటరు దానిని సున్నగా ఎంచదు.

ఇక్కడ వాట్ అనగా నేమో చెప్పవలసియున్నది. వాట్ వెలుగునకు కొలత యని తలంచుట పొరపాటు. అది బల్బు తిను కరెంటునకు కొలత. అది మనకిచ్చు వెలుగునకు కొలత వేరు. దానిని ల్యూమెన్ అందురు. పలాసలో జీడిపిక్కలు కొను వర్తకుడు బస్తా బరువును మాత్రమే చూచి ధర కట్టడు. కొన్ని పిక్కలు కోసి, పప్పు ఎంత దిగునో చూచుకొనును. వాట్లు పిక్కల బరువు, ల్యూమెన్లు దిగిన పప్పు.

ఈ విధముగా తూచిన, 60 వాట్ల తీగె బల్బునుండి సుమారు 700 ల్యూమెన్ల వెలుగు వచ్చును. అంతకు కొంచెము మించిన వెలుగును 14 వాట్ల సీఎఫ్ఎల్ ఇచ్చును. 9 వాట్ల మంచి ఎల్ఈడీ బల్బు 800 మొదలు 900 ల్యూమెన్ల వరకు ఇచ్చును. అనగా వాట్ ఒక్కింటికి తీగె బల్బు 12, సీఎఫ్ఎల్ 60, ఎల్ఈడీ 90 మొదలు 100 ల్యూమెన్లు ఇచ్చుచున్నవి. చోకుతో కూడిన పాత లావు ట్యూబులైటు నడుమనున్నది. దాని గొట్టము 40 వాట్లు, చోకు మఱి 12 వాట్లు తిని, రెండువేల పైచిలుకు ల్యూమెన్లు ఇచ్చును.

ఇంత భేదమునకు కారణమేమి? తీగె బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగె 2,500 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాగి వెలుగును. అది తిన్న కరెంటులో నూటికి తొంబదిపాళ్లకు పైగా వేడిగా పోవును. మనము దీపము కొంటిమనుకొందుము గాని, కొన్నది చిన్న కుంపటి. వెలుగు దానికి కొసరు. ట్యూబులైటులోను, సీఎఫ్ఎల్‌లోను పాదరసపు ఆవిరి కంటికి కనబడని కిరణములను వెలువరించును. గాజు లోపలి పూత వానిని వెలుగుగా మార్చును. ఎల్ఈడీలో తీగెయు లేదు, ఆవిరియు లేదు. ఒక చిన్న అర్ధవాహకపు ముక్క కరెంటును నేరుగా నీలివెలుగుగా మార్చును. పైనున్న పసుపుపూత దానిని తెల్లగా చేయును. ఆ నీలివెలుగును సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ 2014లోనే శ్రీకాకుళము జిల్లాకు ఈ దీపములు విరివిగా వచ్చుట విశేషము. ఆంధ్రప్రదేశములో ఎల్ఈడీ బల్బుల పంపిణీ మొదట జరిగిన నాలుగు జిల్లాలలో మనది యొకటి. తక్కినవి పశ్చిమ గోదావరి, గుంటూరు, అనంతపురము. పాత 60 వాట్ల బల్బులిచ్చిన యింటికి 7 వాట్ల ఎల్ఈడీలు రెండు, ఒక్కొక్కటి 10 రూపాయలకు ఇచ్చిరి. 2015 జనవరిలో ఇట్టి పంపిణీయే దేశమంతట ఆరంభమై, పిమ్మట ఉజాలా యను పేర ప్రసిద్ధమైనది. ప్రభుత్వ సంస్థ టోకున కొన్న బల్బు ధర 2014 ఆరంభమున 310 రూపాయలుండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగినది.

మా అత్తకును ఆ రెండు బల్బులు వచ్చినవి. తిత్లీ తుపాను తరువాత అవి పాడైపోగా, ఊరి కొట్టులో చౌకగా దొరకిన తీగె బల్బులు తిరిగి ఇల్లు చేరినవి. కొట్టు దగ్గర చౌకయైనది మీటరు దగ్గర ఏమైనదో చూతము.

60 వాట్ల బల్బు దినమునకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లు, మూడింటికి 27. జీరో బల్బు రాత్రి 10 గంటలు వెలిగిన నెలకు నాలుగున్నర. వెఱసి వెలుగునకే 31 యూనిట్లన్నర. వానికి మారుగా 9 వాట్ల ఎల్ఈడీలు మూడు, అర వాట్ రాత్రి దీపమొకటి పెట్టిన, అంతయు కలిపి 4.2 యూనిట్లు. నెలకు 27 యూనిట్లకు పైగా మిగులును. 2022 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన గృహవినియోగపు పట్టికలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుండి 75 వఱకు 3 రూపాయలు, 126 నుండి 225 వఱకు 6 రూపాయలు. మనము తగ్గించు యూనిట్లు పైమెట్టునుండి తగ్గును. అత్త యింటి ఖర్చు 60 యూనిట్ల దరిదాపున నున్నది గనుక, మిగులు నెలకు సుమారు 82 రూపాయలు. బల్బులు ఒక్కొక్కటి 100 రూపాయలు, రాత్రి దీపము 50 రూపాయలు వేసికొన్నను, పెట్టిన 350 రూపాయలు ఐదవ నెలలో తిరిగి వచ్చును. ఆపైన ఏడాదికి మిగులు 980 రూపాయలు మామయ్య ఆస్పత్రికి పోవు ఆటో ఖర్చునకు ఆదుకొనును.

అయినను వెలుగుచున్న ప్రతి బల్బును తీసి పారవేయుడని నేను చెప్పను. పనిచేయుచున్న సీఎఫ్ఎల్‌ను మార్చిన నెలకు మిగులునది ముప్పాతిక యూనిట్ మాత్రమే. అది పోవువఱకు ఉంచుకొనుటయే లాభము. పగిలినచో అందలి పాదరసము మంచిది కాదు గనుక, కిటికీలు తెఱచి, చేతితో ముట్టక అట్టముక్కతో ఎత్తవలెను. ముందు మార్చవలసినవి తీగె బల్బులు, జీరో బల్బులు. పిమ్మట చోకు ట్యూబులు.

లైను చివరనున్న పల్లెలకు మఱియొక మాట. ఓల్టేజి 230 నుండి 180కి దిగినచో తీగె బల్బు వెలుగు సగముకంటె తక్కువగును. తిను కరెంటు మాత్రము మూడింట రెండువంతులుండును. ఓల్టేజి నూటికి ఐదుపాళ్లు హెచ్చినచో దాని ఆయువు ఇంచుమించు సగమగును. మంచి ఎల్ఈడీ ఈ యొడిదుడుకులకు ఓర్చుకొని ఒకే తీరున వెలుగును. దానికి శత్రువు వేడి. గాలి చొరని మూతగిన్నెలలో బిగించిన ఎల్ఈడీ త్వరగా చెడును. నౌపడ ఉప్పుమళ్ల దగ్గరను, తీరపు పల్లెలలోను ఉప్పుగాలి హోల్డరు కొనలను తినివేయును. బల్బు ఆరిన వెంటనే దానిని నిందింపక, మెయిన్ ఆపి హోల్డరు చూచుట మంచిది. కొనునప్పుడు పెట్టెమీద ల్యూమెన్లు, నక్షత్రపు గుర్తు, గ్యారంటీ కాలము చూడవలెను. ఈ మూడును లేని బల్బు ఎంత చౌకయైనను వలదు.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ పలాస దరిని తీరము దాటినది. స్తంభములు ఒరిగి, కొబ్బరిచెట్లు తీగెలపై కూలి, అనేక పల్లెలు చాలా దినములు చీకటిలో నుండెను. అట్టి వేళ బ్యాటరీలో మిగిలిన కరెంటే ఇంటి ఆస్తి. వెయ్యి వాట్-గంటల నిలువ మీద 60 వాట్ల బల్బు 16 గంటలు వెలుగును. 9 వాట్ల ఎల్ఈడీ 110 గంటలు వెలుగును. రాత్రికి ఆరేసి గంటలు వాడుకొన్న, మొదటిది మూడవ రాత్రికే ఆరును. రెండవది పదునెనిమిది రాత్రులు గడపును.

కరెంటు ఎక్కడనుండి వచ్చునో ఈ జిల్లావారికి ఎవరును చెప్పనక్కఱలేదు. థర్మల్ కేంద్రములు వలదని బీలభూములకొఱకు నిలిచినవారిపై 2010లో సోంపేటలోను, 2011లో టెక్కలి చేరువ కాకరాపల్లిలోను కాల్పులు జరిగి, ప్రాణములు పోయినవి. ఒక యూనిట్ పుట్టించుటకు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గు కాల్చవలెను. మా అత్త యింట నాలుగు దీపములు మార్చుటచే నెలకు 19 కిలోల బొగ్గు మిగులును. ఒక యింటికి అది స్వల్పము; జిల్లాలోని ఇండ్లన్నింటికి కలుపుకొన్న స్వల్పము కాదు.

మరుసటి నెల అత్త ఫోనులో, "బిల్లు తగ్గిందిరా. వెలుగు తగ్గలేదు" అన్నది. ఇంటి దీపమునుగూర్చి తెలిసికొనవలసినదంతయు ఆ రెండు మాటలలో నున్నది. శ్రోతలు ఈ రాత్రి తమ యిండ్లలోని బల్బులను ఒక్కసారి లెక్కించుకొని, జీరో బల్బుతో ఆరంభింతురు గాక.