సాహుకారు తోట చెప్పే చరిత్ర

చరిత్ర అంటే కోటలు, దర్బారులు మాత్రమేనని భావించడం పరిపాటి. కాని ఆ దర్బారులను నడిపిన ధనం వర్తకుల పెట్టెల నుండి కూడ వచ్చినదని మనం మరువరాదు. హైదరాబాదులో కార్వాన్ పేటలోని రాజా భగవాన్‌దాస్ బాగ్ ఇందుకు సాక్షి.

కార్వాన్ అనేది పారసీక పదం. బిడారు అని అర్థం. గోలకొండ కోటకు, చార్మినారు నగరానికి నడుమ వర్తకులు విడిది చేసిన తావు ఇది. ఇందులో ఒక భాగం పేరే కార్వాన్ సాహు. 1671లో మూసాఖాన్ నిర్మించిన టోలీ మసీదు కూడ ఈ పేటలోనే కలదు.

18వ శతాబ్ది చివరి కాలంలో ఒక గుజరాతీ సాహుకారు కుటుంబం తమ తోటలో కొయ్య మండపాన్ని కట్టించింది. చెక్కిన స్తంభాలు, కమానులు దాని శోభ. టిప్పు సుల్తాన్ 1784లో శ్రీరంగపట్నంలో కట్టించిన దరియా దౌలత్‌ను చూచినవారికి ఇది ఆ కోవలోనిదేనని తోచక మానదు.

సాహుకార్ల పని వడ్డీ వ్యాపారం మాత్రమే కాదు. దూర ప్రయాణంలో నాణేల సంచులు మోయడం ప్రమాదకరం. అందుచేత ఒక ఊరి కొఠీలో సొమ్ము కట్టి హుండీ వ్రాయించుకొంటే, మరొక ఊరిలో దానిని చూపి సొమ్ము పుచ్చుకొనవచ్చును. ఆ కాగితానికి విలువనిచ్చినది కొఠీ పరువే. 1843 వరకు ప్రభుత్వ వ్యవహారాలు నడిపిన మహారాజా చందూలాల్ సాహుకార్ల అప్పులపై ఎంతో ఆధారపడినాడు. 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో వారి ప్రాబల్యం తగ్గింది, ఇళ్లు మిగిలాయి.

అవి కూడ ఎంతకాలం మిగులుతాయి? నగరంలోనే, మాల్ దస్త్రాలను తరతరాలుగా నిర్వహించిన కాయస్థ వంశీయుల మాల్వాలా దేవిడీ, వారసత్వ కట్టడాల జాబితాలో ఉండి కూడ 2000లో చాలవరకు కూల్చివేతకు గురైనది. జాబితాలో పేరు చేర్చినంత మాత్రాన గోడ నిలువదు; దాని విలువ ఎరిగిన సమాజం వెనుక ఉండాలి.

పరిశ్రమలు పెరిగి స్థలాల ధరలు హెచ్చిన సంగారెడ్డి, పటాన్‌చెరు, సదాశివపేటలలోని పాత ఇళ్లకు కూడ ఈ ముప్పు తప్పదు. యజమానుల అనుమతితో ద్వారబంధాలు, దూలాలు, అరుగులు కొలిచి చిత్రించవచ్చును. పెద్దలు చెప్పిన మాటలు, పాత చిట్టాల నకళ్లు మన గ్రంథాలయంలో భద్రపరచవచ్చును. ఆ చిట్టాలలో కొన్ని ఉర్దూలో, కొన్ని తెలుగులో ఉండవచ్చును. రెండు భాషలు చదువగల విద్యార్థులు ఒకే కప్పు క్రింద ఉన్న మన కళాశాల ఈ పనికి పూనుకొనకపోతే మరెవరు పూనుకొంటారు?