పరిగి నుంచి కోర్టు మెట్ల దాకా.. యువ లాయర్ నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలి? గుత్తి కేశవపిళ్లై ఏం చేశారు?

లా పట్టా చేతికొచ్చింది. బార్ కౌన్సిల్‌లో పేరెక్కింది. నల్లకోటు కుట్టించుకున్నారు. మరి ఆ తర్వాతేంటి? శ్రీ సత్యసాయి జిల్లా పరిగి మండలం లాంటి చోట పుట్టి, హిందూపురం కోర్టులో ప్రాక్టీస్ మొదలుపెట్టే ప్రతి కుర్ర లాయర్‌కూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. మొదటి మూడేళ్లు చేతిలో డబ్బు ఆడదు. సీనియర్ ఇచ్చేది బస్సు ఛార్జీలకూ టీ ఖర్చులకూ సరిపోతే అదే గొప్ప. పక్కనే బెంగళూరు రమ్మంటోంది. కంపెనీలో ఉద్యోగమైతే నెల తిరిగేసరికి జీతం పడుతుంది. అందుకే చాలామంది కోటు మడతపెట్టి వెళ్లిపోతుంటారు.

వెళ్లిపోతే నష్టం వాళ్లొక్కరికే కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కోర్టులకు వచ్చే కేసులు చూస్తే సంగతి అర్థమవుతుంది. అన్నదమ్ముల భాగపంపిణీ దావాలు, గట్టు తగాదాలు, చెక్ బౌన్స్ కేసులు, హైవే మీద ప్రమాదాల పరిహారం, భర్త వదిలేస్తే మనోవర్తి. ఇవి పేపర్లో మొదటి పేజీకి ఎక్కే కేసులు కావు. కానీ ఆ ఇంటికి మాత్రం అదే పెద్ద కేసు. ఊరి భాష, ఊరి లెక్కలు తెలిసిన లాయర్ దొరక్కపోతే కక్షిదారు సగం ఓడిపోయినట్టే.

అయితే ఇదే గడ్డ మీద ఒక కుర్ర ప్లీడర్ చేసి చూపించిన దారి ఒకటుంది. నూట నలభై ఏళ్ల కిందటి మాట. ఆయన పేరు పట్టు కేశవపిళ్లై. జనం నోట గుత్తి కేశవపిళ్లై.

1860లో పుట్టిన ఆయన గుత్తిలో ప్లీడర్‌గా స్థిరపడ్డారు. మద్రాసు కాదు, బళ్లారి కూడా కాదు.. గుత్తి. 1885 డిసెంబర్‌లో బొంబాయిలో కాంగ్రెస్ తొలి మహాసభ జరిగితే, దేశమంతటి నుంచీ వచ్చిన 72 మంది ప్రతినిధుల్లో ఆయనా ఒకరు. అప్పటికి వయసు పాతికేళ్లు! ప్రాక్టీస్ చేస్తూనే ‘ది హిందూ’ పత్రికకు ఈ ప్రాంతం నుంచి వార్తలు రాసేవారు. కోర్టులో చెప్పలేనిది పత్రికలో చెప్పొచ్చని ఆయన ముందే కనిపెట్టారనుకోవాలి.

ఆ కలం పదునేంటో 1893లో తెలిసొచ్చింది. ఆ ఏడాది అక్టోబర్ 4న గుంతకల్లు దగ్గర తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడ్డారు. వాళ్లు పరుగున వచ్చి రైల్వే గేటు దగ్గర ఆశ్రయం కోరారు. గేట్‌మన్ గూళపాళ్యం హంపన్న వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. సోల్జర్ తుపాకీ పేల్చాడు. హంపన్న ప్రాణం పోయింది. పేదవాడు, గేటు కాపలా చేసుకునేవాడు.. మామూలుగా అయితే ఆ చావు ఏదో ఒక ఫైల్లో మూలన పడి ఉండేది. కేశవపిళ్లై దాన్ని అలా వదల్లేదు. విషయం పత్రికకెక్కింది, దుమారం రేగింది. కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది.

మరి శిక్ష పడిందా? లేదు. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఇక్కడే అసలు విషయం ఉంది. కేసు ఓడిపోయినా హంపన్న పేరు ఓడిపోలేదు. జనం చందాలు వేసుకుని ఆయనకు స్మారకం కట్టారు. అందులో భారతీయులే కాదు, యూరోపియన్లూ ఉన్నారు. ఆనాటి తీర్పు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? హంపన్న కథ మాత్రం ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కేశవపిళ్లై అక్కడితో ఆగలేదు. మద్రాసు శాసనమండలి సభ్యుడయ్యారు, తర్వాత దానికే ఉపాధ్యక్షుడయ్యారు. 1922లో ఆయన ఎక్కడికెళ్లారో తెలుసా? దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకు! చెరకు తోటల్లో పనికెళ్లిన భారతీయ కూలీల బాగోగులు చూసి రమ్మని పంపిన బృందంలో ఆయన ఒకరు. వెంకటేశ్ నారాయణ్ తివారీతో కలిసి నివేదిక ఇచ్చారు. బృందంలోని ఇంగ్లిష్ అధికారి కీటింగ్ వేరే నివేదిక రాసుకున్నారు. గుత్తి ప్లీడర్ మాట సముద్రాలు దాటింది. మొదలైంది మాత్రం ఊళ్లో జనం కష్టం దగ్గరే. 1933లో ఆయన కన్నుమూశారు.

సరే, ఆ రోజులు వేరు. ఇప్పుడు ఊరి నుంచి వచ్చే కుర్ర లాయర్‌కు ఏ మెట్లున్నాయి?

మొదటి మెట్టు ఎన్‌రోల్‌మెంట్. ఇదివరకు దీనికే వేలకు వేలు కట్టాల్సి వచ్చేది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు దీనికి కళ్లెం వేసింది. అడ్వకేట్స్ చట్టంలో రాసినదానికి మించి రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వసూలు చేయొద్దని తేల్చింది. అంటే జనరల్ కేటగిరీకి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు. కూలి పని చేసి కొడుకునో కూతురినో లా చదివించిన ఇంటికి ఇది చిన్న ఊరట కాదు. ఆ తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ పాస్ కావాలి. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఉందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

రెండోది పొట్టకూటి సంగతి. ఏపీలో 2019 డిసెంబర్‌లో మొదలైన ‘వైఎస్సార్ లా నేస్తం’ కింద జూనియర్లకు నెలకు 5 వేల చొప్పున మూడేళ్లు ఇచ్చేలా పథకం పెట్టారు. జూనియర్లకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలకు తగ్గకుండా ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. సూచన మాత్రమే. కాగితం మీద బాగానే ఉంది కానీ, తన ఫీజే వాయిదాల్లో వచ్చే చిన్న ఊరి సీనియర్ అంత ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక జడ్జి కావాలనుకునే వాళ్లు 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు గుర్తుపెట్టుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని అందులో చెప్పారు. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే ఆ లెక్క మొదలవుతుంది. అంటే ఆ మూడేళ్లూ కోచింగ్ సెంటర్లో కూర్చుంటే కుదరదు. కాల్ వర్క్‌కు వెళ్లాలి, ఫైళ్లు మోయాలి, వాయిదాలు రాసుకోవాలి, దావా డ్రాఫ్ట్ చేసి సీనియర్ చేత తిట్లు తినాలి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏ ప్రశ్న అడక్కూడదో వచ్చేది అక్కడే.

కొత్తవాళ్లకు కలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. ముప్పై ఏళ్లుగా 420, 302 అని నోటికి వచ్చినవాళ్లూ ఇప్పుడు పుస్తకం తిప్పాల్సిందే. కష్టపడి చదివిన జూనియర్‌కు ఇంతకన్నా మంచి సమయం ఏముంటుంది?

సేవ మాటకొస్తే, అది ఇష్టముంటే చేసే పని కాదు. పేదలకు ఉచితంగా న్యాయ సాయం చేయడం లాయర్ పెద్ద బాధ్యతల్లో ఒకటని బార్ కౌన్సిల్ నియమాల్లోనే రాసి ఉంది. అయితే అవే నియమాలు ప్రచారం చేసుకోవద్దనీ చెబుతున్నాయి. బార్ అసోసియేషన్ అధ్యక్షుడినని ఇంటి ముందు బోర్డు మీద రాసుకోవడానికి కూడా వీల్లేదు! నల్లకోటు ఫొటోతో సెంటర్లో ఫ్లెక్సీలు కట్టించుకునే నాయకులు ఈ నియమం ఒకసారి చదువుకుంటే మంచిది.

సేవ చేయాలంటే దారులు చాలానే ఉన్నాయి. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో చేరవచ్చు. క్రిమినల్ కేసుల్లో పేద నిందితుల తరఫున వాదించేందుకు తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ విధానంలో, మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లకూ అసిస్టెంట్లుగా అవకాశం ఉంది. ఊళ్లలో అవగాహన సదస్సులకు వెళ్లొచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుందని, దాని మీద అప్పీల్ ఉండదని చాలామంది కక్షిదారులకు తెలియదు. ఆ రెండు ముక్కలు ముందే చెప్పే లాయర్ దొరికితే ఎన్నో ఏళ్ల తిరుగుడు తప్పుతుంది.

ఉచిత న్యాయ సాయం ఎవరికి? మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేదు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. దగ్గర్లోని కోర్టు ప్రాంగణంలో ఉండే మండల న్యాయ సేవాధికార సంస్థలో తెల్ల కాగితం మీద అర్జీ రాసిచ్చినా చాలు. ఫోన్ చేయాలనుకుంటే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ నంబర్ 15100.