చివరి కొళాయికి నీళ్లు చేరాలంటే

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగింది. గేటు వరదలో కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుకుండలా ఉంది. వరుసగా 33 గేట్లున్న ఆ ఆనకట్టలో ఒక్క గేటు ఊడినందుకు, ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, దాచుకోవాల్సిన నీళ్లను నదిలోకి వదిలేయాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో ఉరకలెత్తే ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ పలకలు దింపి వారం తిరిగేలోగా ఆ ఖాళీని పూడ్చారు. అది మామూలు పని కాదు, ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ఆ వారమంతా మన చర్చ ఎన్ని టీఎంసీలు పోయాయన్న దాని చుట్టూనే తిరిగింది. 1953లో పూర్తయిన డ్యామ్ గేటుకు ఆ గొలుసే ఎందుకు దిక్కయింది, దాన్ని మార్చాల్సిన సమయం ఎప్పుడు దాటిపోయింది అన్న ప్రశ్నలకు అంత చోటు దక్కలేదు. కరువు సీమలో నీటి రాజకీయం ఎప్పుడూ నీళ్లు తేవడం గురించే నడుస్తుంది. వచ్చిన నీళ్లను ఆపే, వదిలే, కొలిచే పరికరాల గురించి నడవదు. నా వాదన ఒక్కటే. పుట్టపర్తి చుట్టుపక్కల ఏ ఊరి గొంతు తడుస్తుంది, ఏ ఊరి గొంతు ఎండుతుంది అన్నది జలాశయం దగ్గరకంటే ఎక్కువగా వాల్వుల దగ్గరే తేలుతోంది.

పుట్టపర్తిని ఉదాహరణగా తీసుకోవడానికి బలమైన కారణం ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో, 1990ల నడుమ పుట్టపర్తిలోని సత్యసాయి ట్రస్టు 731 గ్రామాలకు తాగునీటి పథకం కట్టించింది. నిర్మాణం లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ చేసింది. సుమారు 2,500 కిలోమీటర్ల పైపులైన్లను ఏడాదిన్నర వ్యవధిలో పరిచారు. 1999 నవంబరు 23న తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా విడుదల చేసింది. ఇదంతా అందరికీ తెలిసిందే. తక్కువగా చెప్పుకునేది ఆ పథకంలోని సిమెంటు తొట్ల సంగతి. 2,500 లీటర్లు పట్టే తొట్టి, దానికి నాలుగు కొళాయిలు. ఇలాంటివి 1,500కు పైగా ఊళ్లలో పెట్టారు. చూడ్డానికి అది నీళ్ల తొట్టే గానీ, చేసే పని నీళ్లు పంచే పని. మెయిన్ లైనులో నీళ్లు వచ్చే వేళకు, ఇంటామె బిందె తీసుకుని వచ్చే వేళకు మధ్య ఉన్న ముడిని ఆ తొట్టి విప్పేస్తుంది. లైనులో ఒత్తిడి ఎంతున్నా కొళాయి దగ్గర ధార నెమ్మదిగానే ఉంటుంది. పైగా కొలత కూడా కళ్లెదుటే ఉంటుంది. ఆనాటి గ్రామీణ ప్రమాణం తలకు రోజుకు 40 లీటర్లు. ఆ లెక్కన ఒక నిండు తొట్టి 62 మందికి సరిపోతుంది. ఎవరైనా తొట్టిలోకి తొంగి చూసి తమ వీధికి ఈరోజు న్యాయం జరిగిందో లేదో చెప్పగలరు.

ఆ తొట్టికి నీళ్లు చేరే దారిలో ఎన్ని పరికరాలున్నాయో చూస్తే విషయం బోధపడుతుంది. లైను ఎత్తు మీదికి ఎక్కిన చోటల్లా గాలి చిక్కుకుని నీళ్లకు అడ్డం పడుతుంది. అందుకని అక్కడ ఎయిర్ వాల్వు. లైను పల్లానికి దిగిన చోట మట్టి పేరుకుంటుంది. అక్కడ స్కవర్ వాల్వు. మోటారు ఆగితే నీళ్లు వెనక్కి తన్నకుండా నాన్‌రిటర్న్ వాల్వు. ఊరి పాయ చీలే చోట ఇటుకల గదిలో గేటు వాల్వు. ఆ గది మూత ఎత్తి చూడండి. తుప్పుపట్టిన పోతపోసిన ఇనుప వాల్వు, దాని స్పిండిల్ మీద చదరపు టోపీ. టీ ఆకారపు తాళంతో దాన్ని తిప్పుతారు. లోపలి గేటు ఎంత ఎత్తు లేచిందో బయటికి కనిపించదు, తిప్పినవాడు చుట్లు లెక్కపెట్టుకోవాల్సిందే. స్పిండిల్ చుట్టూ గ్లాండులో కూరిన ప్యాకింగ్ తాడు అరిగిపోతే చుక్కలు కారడం మొదలవుతుంది. సెకనుకో చుక్క అనుకుందాం. రోజుకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరు అనుకుంటే 21 లీటర్లు దాటుతుంది. 40 లీటర్ల ప్రమాణంలో అది ఒక మనిషి వాటాలో సగం. మూరెడు తాడు మార్చకపోవడం వల్ల అంత పోతోంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు గేటు వాల్వు స్వభావంలోనే ఉంది. అది పూర్తిగా తెరవడానికో, పూర్తిగా మూయడానికో చేసిన పరికరం. ధారను సగానికి తగ్గించడానికి చేసింది కాదు. సగం తెరిచి వదిలేస్తే సందులోంచి దూసుకుపోయే నీళ్లు గేటునీ, అది కూర్చునే అంచునీ తినేస్తాయి. కొన్నాళ్లకు ఎంత తిప్పినా గట్టిగా మూసుకోదు. మన ఊళ్లలో మాత్రం పంపకం మొత్తం ఈ సగం తెరిచిన గేటు వాల్వుల మీదే నడుస్తోంది. పైగా ఒక రంధ్రంలోంచి వచ్చే నీరు అక్కడి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ట్యాంకుకు దగ్గరగా, పల్లంలో ఉన్న ఊరి దగ్గర ఒత్తిడి నాలుగింతలుంటే, అంతే తెరిచిన వాల్వులోంచి రెండింతల నీళ్లు పోతాయి. కాబట్టి అన్ని ఊళ్లకూ ఒకేలా తెరిచాం అనడం సమన్యాయం కాదు. చివరి ఊరికి సమంగా చేరాలంటే మొదటి ఊరి దారిని బిగించాలి. బిగించడానికి తగిన ఫ్లో కంట్రోల్ వాల్వు ఉండాలి. బిగించే ధైర్యం, అధికారం ఉన్న మనిషి కూడా ఉండాలి.

ఆ మనిషి నేర్పును మనం బొత్తిగా తక్కువ అంచనా వేశాం. పారే నీళ్లను ఒక్కసారిగా ఆపితే ఆ వేగమంతా ఒత్తిడిగా మారి పైపును లోపలినుంచి సమ్మెటతో కొట్టినట్టు కొడుతుంది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి పైపుల మీద పరిశోధించి 1898లో దీని లెక్క తేల్చాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లను ఇనుప పైపులో చటుక్కున ఆపితే సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి స్తంభమంత ఒత్తిడి అదనంగా పుడుతుంది. ప్లాస్టిక్ పైపులో కొంత తగ్గినా కీళ్లు ఊడదీయడానికి అది చాలు. నిదానంగా మూయడం తెలిసిన వాల్వుమ్యాన్ ఆ లైనును ఏళ్ల తరబడి కాపాడుతున్నట్టే. మన పూర్వీకులకు ఈ సంగతి తెలుసు. చెరువు తూము బిరడా ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో చూసే నీరుగంటికి మాన్యం ఇచ్చారు, కల్లంలో వాటా పెట్టారు. పొరుగున కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. అందులో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెక్కించారు. ఆ అంగాల్లో రాయి, మట్టితోపాటు నీటి శాస్త్రం తెలిసిన మనిషిని, పని తెలిసిన కూలీలను కూడా లెక్కగట్టారు. ఆ తెలివి మన నేటి ఖర్చు పట్టీల్లో లేదు. తాగునీటి పథకాల కార్మికులు బకాయి జీతాల కోసం సమ్మెకు దిగారన్న వార్త ఈ ప్రాంతపు పత్రికల్లో పదేపదే వస్తూనే ఉంది.

అదుపు తర్వాత కొలత. ఈ విషయంలో అనంతపురం రైతులు దేశానికే ఒక పాఠం చెప్పారు. 2003 తర్వాత కొన్నేళ్లు ఏడు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే భూగర్భజల ప్రాజెక్టులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, మోటారు ఎంత నీరు పోస్తోందో కొలిచారు. కొలిచే పద్ధతి చూడండి: ఒక డ్రమ్ము, ఒక గడియారం. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండితే సెకనుకు నాలుగు లీటర్లు. ఊళ్లో అందరి లెక్కలూ కలిపి, భూమిలో ఉన్నదెంత, ఈ పంటకు కావలసిందెంత అని కూర్చుని చూసుకున్నారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. అంకెలు చూశాక రైతులు తమంతట తామే నిర్ణయాలు మార్చుకున్నారు. డ్రిప్పు కథ దీనికి తిరగేసిన పాఠం. 2003లో మొదలైన సూక్ష్మసేద్య ప్రాజెక్టుతో చీనీ తోటల్లో మొక్కకు గంటకు నాలుగు లీటర్లు మాత్రమే వదిలే డ్రిప్పర్లు వచ్చాయి. లోపలి మెలికల దారిలో నీటి వేగాన్ని హరించి, చుక్క చుక్కగా కొలిచి ఇచ్చే గొప్ప పరికరం అది. కానీ మొక్క దగ్గర కొలిచాం, బోరు దగ్గర కొలవలేదు. మరుసటి ఏడాది నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది. ఆటో స్టార్టరు పెట్టి కరెంటు ఉన్నంతసేపూ తోడడానికి అడ్డేమీ లేకపోయింది. ఆదా అయిన నీళ్లు భూమిలో మిగలకుండా ఇంకో ఎకరానికి పారితే దాన్ని పొదుపు అనలేం.

నా వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు: ముందు హంద్రీ-నీవా కాలువ నీళ్లు నిండుగా రానివ్వండి, వాల్వుల సంగతి తర్వాత. నీళ్లు రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే మొదటి ఊరి దారి బిగించని లైనులోకి రెండింతల నీళ్లు పంపినా మొదటి ఊళ్లలో కొళాయిలు పొర్లుతాయి, చివరి ఊరికి మాత్రం మిగులూ తగులూ చేరుతుంది. ఆ చివరి ఊరు మళ్లీ బోరు నీళ్లకు మళ్లుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ హద్దు దాటిన బోర్లున్న ప్రాంతంలో ఆ మళ్లింపు పిల్లల పళ్ల మీద, పెద్దల ఎముకల మీద పడుతుంది. అసలు సత్యసాయి పథకం పుట్టిందే ఆ నీళ్లు తప్పించడానికి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. మీటరు పెట్టారంటే రేపు బిల్లు వస్తుంది, పేదల మెడకు చుట్టుకుంటుంది అన్న భయం. ఆ భయం అకారణం కాదు, కొట్టిపారేయకూడదు. అందుకే నేను అడుగుతున్నది ఇంటింటి మీటరు కాదు, ఊరి పాయ మొదట్లో ఒకే మీటరు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ తలకు 55 లీటర్లు అంటోంది. వెయ్యిమంది ఉన్న ఊరికి రోజుకు 55,000 లీటర్లు. 15,000 లీటర్లే వచ్చాయని ఆ ఊరు దేన్ని చూపించి నిరూపించాలి? ఆ నిరూపణకు పేద ఊరికున్న ఒకే సాక్షి మీటరు. అయితే అది సరైన చోట ఉండాలి. రోజుకు గంటో రెండు గంటలో నీళ్లు వదిలే లైనులో ముందు గాలి తోసుకొచ్చి చక్రపు మీటరును గిరగిరా తిప్పుతుంది, గాలి కూడా నీళ్ల లెక్కలోకి ఎక్కుతుంది. దానికి ముందు పనిచేసే ఎయిర్ వాల్వు లేకపోతే ఆ సాక్షి అబద్ధం చెబుతుంది.

ఇక జనమే వాల్వులు విరగ్గొడతారు కదా అంటారు. దారిపక్క ఎయిర్ వాల్వు వదులు చేసి బిందెలు నింపుకోవడం నిజమే. దానివల్ల లైను ఖాళీ అయినప్పుడు మురికిని లోపలికి పీల్చుకునే ప్రమాదం ఉన్నదీ నిజమే. కానీ తన వంతు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని మనిషి చేతికందిన చోట పట్టుకుంటాడు. వంతు ఖాయమైతే ఆ అవసరం చాలావరకు తగ్గుతుంది. సెన్సార్లు, మోటారు వాల్వులు పెడితే మనుషులతో పనేముందన్న మాట కూడా వినిపిస్తోంది. పెద్ద ట్యాంకుల దగ్గర అవి పెట్టాల్సిందే. అయితే ఒత్తిడి పడిపోయిందని సెన్సారు చెప్పాక గుంత తవ్వి పైపు అతికేది మనిషే.

2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. జిల్లా యంత్రాంగానికి ఈ పని అలవికానిదేమీ కాదు. ప్రతి ఊరి పాయకూ ఒక ఫ్లో కంట్రోల్ వాల్వు, ఒక ఎయిర్ వాల్వు, ఒక మీటరు పెట్టించండి. నిన్న మీ ఊరికి ఎన్ని లీటర్లు వచ్చాయి, పక్క ఊరికి ఎన్ని వచ్చాయి అన్న రెండు అంకెలు రోజూ సచివాలయం బోర్డు మీద సుద్దముక్కతో రాయించండి. నిర్వహణ పద్దులో మొదటి వరుస వాల్వుమ్యాన్ జీతానిది కావాలి. పాఠకులు కూడా ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు, కొత్త ట్యాంకు ఎప్పుడు కడతారని అడిగేముందు, మన ఊరి వాల్వు ప్యాకింగ్ చివరిసారి ఎప్పుడు మార్చారని అడగండి.