ఒక్క రీడింగుతో బోరు వేయకండి

ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ కాలనీల్లో బోరు పాయింట్లు చూపించడం నా వృత్తి. "మీ మిషన్‌లో నీళ్లు కనిపిస్తాయా సార్?" అని ఇంటివాళ్లు అడుగుతారు. కనిపించవు. నేల కరెంటును ఏమాత్రం పోనిస్తుందో అదొక్కటే చెబుతుంది. పొడి గ్రానైటు పోనివ్వదు, తడి మొరం పోనిస్తుంది, బంకమట్టి ఇంకా బాగా పోనిస్తుంది.

విద్యుదయస్కాంత సర్వేలో నేలమీద పరిచిన తీగచుట్టకు కరెంటిచ్చి చప్పున ఆపేస్తాం. దాంతో భూమిలో పుట్టిన ప్రవాహాలు ఎంతసేపట్లో అణగారుతాయో కొలుస్తాం. చిక్కల్లా ఇక్కడే. పది మీటర్ల బంకమట్టి, ఇరవై మీటర్ల తడి మొరం దాదాపు ఒకే గీత గీయగలవు. దానికితోడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో తీగలు, భూగర్భ కేబుళ్ల 50 హెర్ట్జ్ రొద.

అందుకే సుత్తి కూడా పట్టుకెళ్తాను. ఇనుప పలకమీద కొడితే పుట్టే కంపనాన్ని జియోఫోన్లు అందుకుంటాయి. గట్టి గ్రానైటులో అది సెకనుకు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది, మొరంలో అందులో సగం కూడా ఉండదు. దాంతో రాయి ఎంత లోతున మొదలవుతుందో తేలుతుంది. పై పొర మందం తెలిశాక, అది మట్టా, తడి మొరమా అన్నది విద్యుత్ లెక్కే చెప్పగలదు.

విద్యుత్ సర్వే, సుత్తి సర్వే ఇచ్చే రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి కంటితో పోల్చడం కంటే, రెండు కొలతలకూ కుదిరే ఒకే భూమి నమూనాను కంప్యూటర్‌తో వెతికించడం మేలు. లోపలి సరిహద్దులు రెండింటిలోనూ ఒకేచోట పడేలా చూసే పద్ధతిని 2003లో గల్లార్డో, మేజు అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఆ లెక్కను సరిచూసేది తవ్విన బోరే. 1961లో ఏర్పడిన మన ఉప్పల్ రోడ్డు ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ), ఎల్బీ నగర్ నుంచి విజయవాడ వెళ్లే దారిలోని చౌటుప్పల్‌లో పరిశోధన బోర్లు వేసి, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి గ్రానైటు పగుళ్లలో నీటి నడకను అధ్యయనం చేసింది.

అలాంటి బోర్ల సమాచారం మన కాలనీల్లోనూ ఉంది. బోరు బండివాళ్లు కేసింగ్ దింపేది గట్టి రాయి తగిలేదాకే. ఆ లోతే మొరం మందం. కేసింగ్ ఎన్ని అడుగులు, నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర పడ్డాయి, ఎండిన బోర్లు ఎక్కడెక్కడ అన్నది ప్రతి కాలనీ సంఘమూ ఒక రిజిస్టరులో రాసి పెట్టాలి. సర్వేకు వచ్చినవాళ్లకు ముందు దాన్నే చూపించండి. పక్కింటివాళ్ల ఎండిన బోరు లెక్క మీ బోరుకు పనికొస్తుంది.